వ్యసనంలోని వ్యథ

తెలుగులో ‘వ్యసనం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. వదలలేని చెడ్డ అలవాటు అన్నది అందరూ ఎరిగినది. దుఃఖం, ఆపద అన్నది రెండవది. పాత పుస్తకాలలో ఒకరు ‘వ్యసనపడినారు’ అని ఉంటే వారు మద్యం ముట్టినారని అర్థం కాదు. లోలోపల కుమిలిపోయినారని అర్థం. సంస్కృతం నుంచి వచ్చిన ఈ ఒక్క పదంలో అలవాటూ ఆవేదనా పక్కపక్కనే కాపురమున్నాయి. కాలక్రమాన రెండవ అర్థం వాడుకలో వెనుకబడిపోయింది. వీధిలో తూలుతూ వెళ్లే మనిషిని చూసినప్పుడు లోకం మొదటి అర్థాన్ని మాత్రమే చదువుతుంది. ఇంటివారూ అదే చదువుతారు. చాలాసార్లు ఆ మనిషి సైతం తన గురించి తాను అదే చదువుకొంటాడు.

గోదావరి డెల్టాను చూసినవారికి ఇక్కడ దుఃఖానికి తావెక్కడిదని అనిపించవచ్చు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువల వెంబడి వరి, గట్ల మీద కొబ్బరి, దిబ్బల మీద తాడిచెట్లు. కానీ పచ్చదనానికీ ప్రశాంతతకూ ఎప్పుడూ సంబంధం ఉండాలనే నియమం లేదు. ఇచ్చిన గోదావరే 1986 ఆగస్టులో మహావరదగా వచ్చి ఊళ్లకు ఊళ్లను ముంచింది. కొబ్బరి ధర పడిపోతే చెట్టునిండా కాయలుండీ ఇంట్లో దీపం మసకబారుతుంది. సాగు గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గల్ఫ్ దేశాలకు వెళ్లిన తల్లుల కోసం ఎదురుచూస్తూ అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లలు ఈ లంకలలో ఎందరో. కల్లు, సారా, సంక్రాంతి బరిలో కోడిపందెం, ఇటీవలి కాలంలో చేతిలోని ఫోను: ఇవన్నీ ఆ పచ్చదనం నడుమనే ఉన్నాయి.

మద్యాన్ని చట్టంతో తరిమివేయాలని ఆంధ్రదేశం ఒకసారి గట్టిగా ప్రయత్నించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం నిషిద్ధమయింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధానికి శ్రీకారం చుట్టగా, 1995 జనవరి 16 నుంచి అది అమలులోకి వచ్చింది. ఎన్నో ఇళ్లలో సాయంత్రం భయం లేకుండా అన్నం వండుకొనే రోజు వచ్చింది. ఆ ఉద్యమించిన తల్లుల న్యాయాన్ని ఎవరూ కాదనలేరు.

అయితే డెల్టాలో ఆ చట్టం చేరని రేవు ఒకటి మిగిలింది. అది యానాం. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, తరువాత పుదుచ్చేరితో కలిసి పాలింపబడుతున్న ఈ చిన్న పట్టణం చుట్టూ ఆంధ్రప్రదేశే. నిషేధం యానాంలో చెల్లదు. గౌతమి మీద ఎదుర్లంక వంతెన అప్పటికింకా లేదు, పడవలోనే దాటాలి. జనం దాటారు. నిజానికి ఒక చట్టం నుంచి తప్పుకొనడానికి యానాం వెళ్లడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1929 నాటి శారదా చట్టం బాల్యవివాహాలను అడ్డగించినప్పుడు పెళ్లిబృందాలు ఫ్రెంచి యానాంకు తరలివెళ్లేవి. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా అలా వచ్చింది. ఒక తరం పసిపిల్లల పెళ్లిళ్లకై దాటిన నదిని మరొక తరం సీసాలకై దాటింది. చివరకు 1997లో నిషేధమే సడలిపోయింది. చట్టం దుకాణం తలుపు మూయగలదు. ఆ తలుపు దాకా మనిషిని నడిపించినది ఏమిటని అడగడం దాని పని కాదు.

ఆ ప్రశ్న అడగవలసిన మనిషిగా కోనసీమలోని ఒక కొబ్బరి రైతును ఊహించుకోవచ్చు. ఇది ఏ ఒక్కరి జీవితమూ కాదు. పలువురి అనుభవాలను పోలి అల్లిన కథ. అయినా ఆ లంకలలో పెరిగినవారికి ఇది కొత్తగా తోచదు.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా పెనుతుపాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా మరణించారు. వేటకు వెళ్లిన మత్స్యకారులెందరో తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరితోటలు వరుసలకు వరుసలు నేలకొరిగాయి. ఆ రైతుకు రెండెకరాల తోట. తెల్లవారేసరికి నిలిచి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొత్త మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అతని ఇంట్లో పోయినది తోట ఒక్కటే కాదు. తమ్ముడు కూడా ఆ రాత్రే పోయాడు. పశువులపాక మీద చెట్టు విరిగిపడింది.

నాలుగవ నాడు అతడు మొదటిసారి తాగాడు. అప్పటికి నిషేధం అమలులోనే ఉన్నది. అయినా లంకలో దొంగచాటుగా కాచిన నాటుసారా ఎవరో గ్లాసులో పోసి ఇచ్చారు. కాదనడానికి మనసు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టింది. మూడు రాత్రుల తరువాత పట్టిన మొదటి నిద్ర అది. మరునాడు సాయంత్రం గాలి కాస్త విసురుగా వీచగానే గుండె దడదడలాడింది. శరీరానికి నిన్నటి ఉపాయం గుర్తున్నది. కొద్ది నెలలలోనే అతడు పడవ దాటి యానాం వెళ్లడం మొదలుపెట్టాడు.

ఊరు మొదట జాలిపడింది. “తోట పోయింది, పాపం!” అన్నది. రెండేళ్లు గడిచాక అదే ఊరు, “అందరి తోటలూ పోయాయి, అందరూ తాగుతున్నారా?” అన్నది. ఆ ప్రశ్నలో తర్కం లేకపోలేదు. అందుకే అతని వద్ద దానికి జవాబు లేదు. నిషేధం పోయి ఊళ్లోనే దుకాణం వెలిసింది. నాటిన మొక్కలు కాపుకు వచ్చాయి. పోయిన ఆదాయం తిరిగి వచ్చింది. తాగుడు మాత్రం ఆగలేదు. కారణం తోటే అయితే, తోట పచ్చబడిన నాడు అలవాటు ఎండిపోవాలి కదా!

ఇక్కడ శరీరధర్మం కొంత తెలియాలి. మద్యం మెదడు వేగాన్ని తగ్గించే పదార్థం. భయాన్నీ, జాగరూకతనూ కలిగించే వ్యవస్థను అది కాసేపు జోకొడుతుంది. మెదడు దీనికి ఊరుకోదు. రోజూ జోకొట్టేవాడు ఉన్నాడని గ్రహించి, తన ఉద్రేక వ్యవస్థను మరింత హెచ్చిస్తుంది. అందువల్ల నిన్నటి మోతాదు నేడు చాలదు. తాగని పూట వణుకు, చెమట, అకారణ భయం కలుగుతాయి. మొదట ఏ బాధకు మందుగా తాగాడో ఆ బాధను మద్యమే రెట్టింపు చేసి తిరిగి ఇస్తుంది. చాలా కాలం ఎక్కువగా తాగినవారు వైద్య సహాయం లేకుండా ఒక్కసారిగా మానివేస్తే రెండు మూడు రోజులలో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం కూడా ఏర్పడవచ్చు. ‘గదిలో పెట్టి తాళం వేస్తే మానతాడు’ అనే మాట ఎంత ప్రమాదకరమైనదో దీనివల్ల తెలుస్తుంది.

శరీరం ఇంత చేస్తున్నా, కథ శరీరంతో మొదలుకాలేదు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులలో దాదాపు ఐదుగురికి ఒకరు హెరాయిన్‌కు అలవాటుపడినట్లు 1971 ప్రాంతంలో తేలింది. వారు స్వదేశానికి వస్తే ఏమవుతుందోనని ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగి వచ్చినవారిని వెంబడించి పరిశీలించగా, అక్కడ బానిసలైనవారిలో ఇంటికి చేరిన తొలి ఏడాది మళ్లీ బానిసలైనవారు నూటికి ఐదుగురు మాత్రమేనని వెల్లడైంది. మత్తుపదార్థం అదే, మనుషులు వారే. మారినవి భయమూ, ఒంటరితనమూ, చుట్టూ ఉన్న పరిస్థితులూ. 1998లో ప్రకటితమైన మరొక అమెరికా పరిశోధన తొమ్మిది వేలకు పైబడిన పెద్దవారిని వారి బాల్యం గురించి అడిగింది. దెబ్బలు, అవమానాలు, ఇంట్లో తాగేవారుండటం, తల్లి హింసకు గురికావడం వంటి అనుభవాలు నాలుగు లేక అంతకు మించి ఉన్నవారిలో మద్యవ్యసనం, అటువంటి అనుభవాలు లేనివారితో పోలిస్తే, సుమారు ఏడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇది తలరాత అని భావించరాదు. కష్టాల బాల్యం గడిపినవారిలో చాలామంది చుక్క కూడా ముట్టరు. వంశపారంపర్యంగా వచ్చే స్వభావానికీ ఇందులో పెద్ద పాలే ఉన్నది. అయినా గాయం ఉన్నచోట మత్తు త్వరగా వేరూనుతుందన్నది కాదనలేని విషయం.

తెలుగువారికి ఈ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పకముందే ఒక విధంగా తెలుసు. శరత్‌చంద్రుడు 1917లో ప్రకటించిన నవల 1953లో తెలుగు చలనచిత్రమై, అక్కినేని నాగేశ్వరరావు దేవదాసుగా ఇంటింటికీ పరిచయమయ్యాడు. ప్రేమ విఫలమైతే తాగుతారని ఆ చిత్రం చూసినవారు నేర్చుకొన్నారు. అది సగం పాఠమే. దేవదాసు పతనానికి పార్వతి దూరం కావడం కన్న లోతైన కారణం ఒకటున్నది. అర్ధరాత్రి ధైర్యం చేసి తన గదికి వచ్చిన ఆమెకు చెప్పవలసిన మాట అతడు చెప్పలేకపోయాడు. ఆ పిరికితనాన్ని అతడు తనకు తాను క్షమించలేదు, ఎవరితోనూ విడమరచి చెప్పుకొననూ లేదు. ప్రేక్షకులు అతని సీసాను చూసి కన్నీరు పెట్టారు. ఆ సీసాకు కొంత గ్లామరు కూడా అంటింది. చెప్పుకోలేని అపరాధ భావనను మాత్రం ఎవరూ గుర్తుంచుకోలేదు.

కోనసీమ రైతు చెప్పుకోలేనిదీ అటువంటిదే. అది బయటపడటానికి పధ్నాలుగేళ్లు పట్టింది.

ఈలోగా అతడు మానడానికి ప్రయత్నించలేదనుకోరాదు. భార్య తల మీద చేయి పెట్టి ఒట్టు వేశాడు. కొడుకు మీద ప్రమాణం చేశాడు. మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకొన్నాడు. ఈ మాల సంగతి ఆలోచింపదగినది. గోదావరి జిల్లాలలో ఏటా కార్తిక మార్గశిర మాసాలలో, పూటకొక్క సీసా లేనిదే నిలువలేనివారు సైతం మండల దీక్ష పట్టి నలభై ఒక్క రోజులు మద్యం వాసన చూడకుండా ఉంటారు. ఇరుముడి దించిన మరునాడే కొందరు దుకాణం దగ్గర కనిపిస్తారు. లోకం నవ్వుతుంది. నవ్వడానికి బదులు ఆ నలభై ఒక్క రోజులలో ఏమి జరిగిందో గమనించాలి. తెల్లవారుజామున చన్నీటి స్నానం. రోజంతటికీ ఒక క్రమం. సాయంత్రం తాగే వేళకు భజన. చుట్టూ అదే నియమంలో ఉన్న తోటివారు. అన్నింటికీ మించి, నిన్నటి దాకా ‘తాగుబోతు’ అని పిలిచిన ఊరు ‘స్వామీ’ అని పిలుస్తుంది. ఆ మనిషికి సంకల్పబలం లేదన్న మాట అబద్ధమని దీక్షాకాలమే రుజువు చేస్తున్నది. మాల తీసిన మరుక్షణం క్రమమూ, తోడూ, గౌరవమూ ఒకేసారి ఊడిపోతాయి. లోపలి గాయం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. మనోచికిత్స చేయదలచినది కొంతవరకు ఇదే: మాల తీసినా ఊడిపోని క్రమాన్నీ, తోడునూ నిర్మించి, దీక్షలో ఎవరూ తాకని ఆ గాయాన్ని తాకడం.

2010లో, కొడుకు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు, రైతు రక్తం కక్కుకొని ఆసుపత్రిలో చేరాడు. జిల్లా కేంద్రంలోని ఆ ఆసుపత్రిలో మొదటి పది రోజులు శరీరానికే కేటాయించారు. వణుకు తగ్గడానికి మందులు, విటమిన్ బి1 సూదిమందులు, నిద్ర. ఆ తరువాత అతణ్ని మనోవైద్య విభాగానికి పంపారు. సలహాదారు నడివయసు మనిషి. నీతి ఏదో బోధిస్తాడని రైతు తల వంచుకొని కూర్చున్నాడు.

“మొదటిసారి ఎప్పుడు తాగారండీ?”

“తుపాను వెళ్లిన నాలుగో నాడండి.”

“ఆ నాలుగు రోజులూ ఏం జరిగింది?”

పధ్నాలుగేళ్లలో అతణ్ని ఎందుకు తాగుతున్నావని అడగనివారు లేరు. ఆ నాలుగు రోజుల గురించి అడిగినవారు ఒక్కరూ లేరు. ఆ పూట అతడు తోట గురించే చెప్పాడు. రెండవసారీ తోట గురించే చెప్పాడు. నాలుగవసారి, సలహాదారు తమ్ముడి పేరడిగినప్పుడు, చాలాసేపు కిటికీ వైపు చూసి, “గేదెల పలుపులు విప్పి రమ్మని ఆణ్ని పాక దగ్గరికి పంపింది నేనేనండి” అన్నాడు.

ఆ మాట అతని తల్లికి తెలియదు. భార్యకు తెలియదు. గాలి వీచిన ప్రతి రాత్రీ అతని చెవిలో మోగుతున్నది ఆ ఒక్క మాటే. దానిని వినకుండా ఉండటానికే అతడు తాగుతూ వచ్చాడు. సలహాదారు “మీ తప్పేమీ లేదు” అని వెంటనే ఓదార్చలేదు. అలా ఓదార్చితే మాట మళ్లీ లోపలికి పోతుంది. ఆ రాత్రి గాలి ఎలా ఉన్నది, పాకలో ఎన్ని గేదెలున్నాయి, చెట్టు పడుతుందని ఎవరికైనా తెలుసా, అన్నగారు తమ్ముణ్ని పంపకుండా తానే వెళ్లి ఉంటే ఈ ఇంటికి ఎవరు మిగిలేవారు అని ఒక్కొక్కటీ మెల్లగా అడుగుతూ పోయాడు. గడ్డకట్టిన జ్ఞాపకాన్ని అలా విడివిడి సంగతులుగా విప్పుకొనడానికి కొన్ని వారాలు పట్టింది. ఏడుపు వచ్చిన రోజున ఏడవనిచ్చాడు. మగవాడు ఏడవకూడదని పెరిగిన మనిషికి అది తాగడం కన్న కష్టమైన పని.

చికిత్సలో మరొక పాలు పూర్తిగా ఆచరణకు సంబంధించినది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయని లంకలవారందరికీ తెలుసు. మూడవ హెచ్చరిక దాకా ఆగినవారికి సామాను కట్టుకొనే వ్యవధి ఉండదు. తాగాలన్న కోరికకూ ఇటువంటి మట్టాలున్నాయని సలహాదారు అతనికి నేర్పాడు. సీసా చేతికి వచ్చాక ఆగడం దాదాపు అసాధ్యం. దానికి ముందు దుకాణం వీధిలోకి మళ్లిన అడుగున్నది. ఆ అడుగుకు ముందు, మధ్యాహ్నమే మొదలైన చిరాకున్నది. ఆ చిరాకుకు ముందు ఆకాశంలో మబ్బు పట్టి గాలి తిరిగిన క్షణమున్నది. ఆ క్షణమే మొదటి హెచ్చరిక. అప్పుడేమి చేయాలో ముందే రాసిపెట్టుకొన్నారు: ఒంటరిగా ఉండరాదు, భార్యతో ‘గాలి తిరిగింది’ అని పైకి చెప్పాలి, కడుపు ఖాళీగా ఉంచరాదు, అరగంట నడవాలి. వరద పోటు ఎంతటిదైనా అదే మట్టంలో ఎల్లకాలం నిలవదు, కోరికా అంతే. దానితో పోరాడకుండా, అది పొంగి తగ్గేదాకా గట్టున కూర్చోవడం ఒక విద్య. అమెరికా శాస్త్రజ్ఞుడు ఆలన్ మార్లట్ 1980లలో ఈ పద్ధతిని శాస్త్రీయంగా తీర్చిదిద్దాడు. ఆయన దానిని సముద్రపు అలతో పోల్చాడు. లంకలవారికి గోదావరి పోలికే దగ్గరగా ఉంటుంది.

ఏడు నెలలు గడిచాయి. తమ్ముడి ఆబ్దికం నాడు అతడు మళ్లీ తాగాడు. సిగ్గుతో మూడు వారాలు ఆసుపత్రి ముఖం చూడలేదు. నిజానికి చాలామంది చికిత్స ఇక్కడే తెగిపోతుంది. తాగినందువల్ల కాదు, తాగినందుకు కలిగిన సిగ్గువల్ల. మధుమేహం ఉన్నవారికి చక్కెర మళ్లీ పెరిగితే వైద్యుడు మోతాదు సరిచూస్తాడే కాని చీవాట్లు పెట్టి పంపివేయడు. భార్య అతణ్ని వెంటబెట్టుకొని వెళ్లింది. సలహాదారు అడిగినది ఒక్కటే: “ఏ హెచ్చరిక దగ్గర తప్పిపోయాం?”

ఆ భార్య సంగతి కూడా చెప్పుకోవాలి. అన్నేళ్లూ ఆమె చుట్టాలకు ‘జ్వరం’ అని అబద్ధం చెప్పింది, దుకాణంలో బాకీ తీర్చింది, కొడుకును పక్కింటికి పంపి తలుపు వేసుకొన్నది. ఇంటి పరువు కాపాడుతున్నాననుకొన్నది. చికిత్సలో ఆమెకు వేరుగా సమయమిచ్చినప్పుడు, తనకూ నిద్ర లేదనీ, భర్త మానివేసిన తరువాత కూడా సాయంత్రం ఆరు కాగానే చేతులు చల్లబడుతున్నాయనీ మొదటిసారి చెప్పింది. తాగనివారికి కూడా చికిత్స అవసరమని ఈ దేశంలో గట్టిగా గుర్తించినవారిలో శాంతి రంగనాథన్ ఒకరు. తాగుడుకు భర్తను బలి ఇచ్చుకొన్న ఆమె 1980లో చెన్నైలో టి.టి. రంగనాథన్ పేరిట చికిత్సా సంస్థను నెలకొల్పి, రోగితో పాటు కుటుంబానికి కూడా చికిత్సలో స్థానం కల్పించింది. ఆ సంస్థ 1980ల చివరి నుంచి కావేరీ డెల్టాలోని మంజక్కుడి గ్రామంలో పదిహేను రోజుల శిబిరాలు నడిపింది. పట్నానికి రాలేని కూలీల దగ్గరికి చికిత్సే నడిచి వెళ్లింది, ఊరివారే ఆతిథ్యమిచ్చారు. మరొక డెల్టాలో సాధ్యమైన పని గోదావరి లంకలలో అసాధ్యమనడానికి కారణం కనిపించదు.

ఇంత శ్రమకు వైద్యులు చాలరన్నది సాధారణంగా వినిపించే అభ్యంతరం. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం వల్ల ఇబ్బందిపడుతున్నవారు ఐదు కోట్ల డెబ్భై లక్షలకు పైమాటే. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ముప్పై ఎనిమిది మందికి ఒకరికి మాత్రమే ఏదో ఒక రూపంలో చికిత్స లేదా సహాయం అందినది. ఈ అభ్యంతరానికి గోవా నుంచి ఒక జవాబు వచ్చింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో వైద్యులు కాని, శిక్షణ పొందిన స్థానికులు రోగులతో గరిష్ఠంగా నాలుగుసార్లు కూర్చొని మాట్లాడారు. మూడు నెలల తరువాత చూడగా హానికరమైన మద్యపానం నుంచి బయటపడినవారు అటువంటి సంభాషణ లభించినవారిలో నూటికి 36 మంది, లభించనివారిలో 26 మంది. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటితమయ్యాయి. తేడా పది మందే కదా అనవచ్చు. ఆ పది ఇళ్లవారు అలా అనరు. మాట్లాడటానికి వేరెవరూ దొరకని చోట, తాగి మానినవారే ఒకరికొకరు దొరుకుతారు. 1935లో అమెరికాలో ఇద్దరు వ్యసనపీడితులు తమ గోడు ఒకరితో ఒకరు చెప్పుకొనడంతో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం ఈ సూత్రం మీదనే ప్రపంచమంతటా నడుస్తున్నది.

రైతు కొడుకు గురించి ఎవరూ అడగలేదు. అతడు హాస్టలులో ఉండి చదివేవాడు. సెలవులకు ఇంటికి రావడం ఇష్టముండేది కాదు. తండ్రి వలె ఎన్నడూ కాకూడదని పట్టుదల. అందుకని చుక్క ముట్టలేదు. రాత్రి రెండింటి దాకా సెల్‌ఫోనులో ఆటలాడేవాడు. ఆట ఆపితే ఇల్లు గుర్తుకువచ్చేది. ఆటను అదుపు తప్పి ఆడటం కూడా రుగ్మత కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆడే ప్రతివాడూ రోగి కాడు. ఆట ఆనందానికా, మరొకటి మరచిపోవడానికా అన్నది ఆడేవాడికే తెలుసు. నేడు అటువంటి విద్యార్థి 14416 అనే ‘టెలి మానస్’ సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవకు రుసుము లేదు. మాదకద్రవ్యాల నుంచి విముక్తికై 14446 అనే సంఖ్య ఉన్నది. 2010 నాటి ఆ అబ్బాయికి ఆ సౌకర్యం లేదు. తండ్రి చికిత్సలో భాగంగా ఒక ఆదివారం అతణ్ని పిలిపించారు. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బాబాయి ఎలా పోయాడో ఆ రోజు తండ్రి నోటి నుంచి విన్నాడు. బదులేమీ చెప్పలేదు. వెళ్లేటప్పుడు బస్‌స్టాండులో తండ్రి చేతిలోని సంచిని తాను తీసుకొన్నాడు.

2013 నవంబరులో హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. గోదావరి జిల్లాలలోనూ గాలులు తోటలను కుదిపివేశాయి. గాలి తిరగగానే రైతు, “మొదటి హెచ్చరిక వచ్చిందే” అన్నాడు. భార్య పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆమె మారుమాటాడక అన్నం వడ్డించింది. అతడు తిన్నాడు. కొడుకు సెలవులకు వచ్చి ఉన్నాడు. చీకటి పడకముందే ఇద్దరూ పాక దగ్గరకు వెళ్లారు. కొడుకు టార్చిలైటు పట్టుకోగా తండ్రి గేదెల పలుపులు తానే ఒక్కొక్కటిగా విప్పాడు. వాటిని మెరక మీదికి తోలి, తడిసి ముద్దయి తిరిగి వచ్చి, అరుగు మీద కూర్చొని తువ్వాలు అడిగాడు.

“బాబాయి పొడుగ్గా ఉండేవాడా నాన్నా?” అని కొడుకు అడిగాడు.

“నీ అంత ఉండేవాడు” అని చెప్పి, అతడు తల తుడుచుకొన్నాడు. బయట గాలి ఇంకా వీస్తూనే ఉన్నది. భార్య లోపలి నుంచి టీ తెచ్చింది.